కుందూ ఒడ్డునుండి కడలి కాపుకు

(సంఘ కూడికలో మా కుటుంబము తరఫున చదివిన ప్రసంగ పాఠము)



ప్రతి కుటుంబము తన పూర్వికులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని పెద్దలు కోరినారు. మేము చరిత్ర చదువుకొన్నవారము కాము. సేద్యము, బడి ఉద్యోగము, చిన్న వ్యాపారము తప్ప మాకు వేరే విద్య రాదు. అయినను మా తాతగారిని గూర్చి, అనగా మేము జేజినాయన అని పిలుచుకొన్న మనిషిని గూర్చి, ఈమధ్య రెండేండ్లు వెదకినాము. వెదకగా కొంత దొరికినది. దొరికినదానిలో కొంత సంతోషము, కొంత దుఃఖము ఉన్నవి. రెండును మీ ముందు పెట్టుచున్నాము.

మన కోయిలకుంట్లకు సముద్రమునకు ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. మనకు తెలిసిన నీళ్లు కుందూ నీళ్లే. తూర్పున నల్లమల దాటి, ఇంకను ఎంతో దూరము పోతేగాని సముద్రము కంటబడదు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, శనగ పండించుకొను ఊరినుండి ఒక మిషను బడి పిల్లవాడు ఓడ ఎక్కినాడన్న మాట మా చిన్నతనములో మాకు కథవలెనే ఉండేది.

ఆ కథను మరల కదిలించినది మా అన్న మనుమడు. కోస్టుగార్డులో చేరవలెనని దరఖాస్తు నింపుచు, “మన ఇంట్లో ముందు ఎవరైనా సముద్రము మీద పనిచేసినారా?” అని అడిగినాడు. “మీ ముత్తాత కోస్టుగార్డులోనే చేసినాడు గదా” అన్నాము. “ఏ సంవత్సరములో?” అన్నాడు. మాలో ఒక్కరమూ జవాబు చెప్పలేకపోయినాము. ఆ రాత్రి మా జేజి ట్రంకు పెట్టె దించినాము.

జేజి 2009లో ప్రభువునందు నిద్రించినది. ఆమె బ్రతికి ఉండగా ఆ పెట్టెను ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అందులో ఒక పట్టుచీర, పాత కీర్తనల పుస్తకము, ఆరు కొనలు గల ఒక రాగిరంగు నక్షత్రము, దానికి వెలిసిపోయిన రిబ్బను పీలిక, నాలుగు మడతలు పెట్టిన ఒక ఇంగ్లీషు కాగితము ఉన్నవి. ఆ నక్షత్రముతో మా చిన్నాయన చిన్నప్పుడు ఆడుకొన్నాడట. కాగితమును మాత్రము ఆయన కూడ ఎన్నడూ విప్పి చదవలేదు.

ఎందుకు చదవలేదో చెప్పవలెనంటే, జేజినాయనను గూర్చి మా ఇంట్లోను ఊరిలోను నడిచిన మూడు మాటలు మొదట చెప్పవలెను. మొదటిది, ఆయన కోస్టుగార్డులో పనిచేసినాడని. రెండవది, విశాఖపట్నము మీద జపానువారు బాంబులు వేసిన దినమున ఆయన అక్కడనే ఉన్నాడని. ఈ రెండును గర్వముగా చెప్పుకొనేవారము. మూడవది మెల్లగా చెప్పుకొనేది. 1946లో ఏదో తప్పు చేసినందుకు ఆయనను పనిలోనుండి తీసివేసినారని. ఆ మాట వచ్చినప్పుడు పెద్దలు పిల్లలను బయటికి పంపేవారు. ఆయన చేతిమీద మోచేయి వరకు ఉన్న కాలిన మచ్చను కూడ ఆ మూడవ మాటకే ముడిపెట్టినవారు ఉండిరి. ఆయన 1971లో చనిపోయినాడు. మేము అప్పటికి చిన్నవారము. ఆ మచ్చ మాకు జ్ఞాపకము ఉన్నది గాని, ఆయన నోటనుండి ఓడ మాట విన్న జ్ఞాపకము లేదు.

కాగితము విప్పగానే మాకు మొదటి చిక్కు వచ్చినది. అందులోని పేరు మా జేజినాయన పేరు కాదు! ఊరిలో అందరూ పిలిచిన పేరు ఒకటి, కాగితములో ఉన్నది మరియొకటి. ఊరిపేరు కూడ ఇంగ్లీషులో వేరుగా ఉన్నది. మన ఊరిని కోయిలకుంట్ల అని పలుకువారు, కోవెలకుంట్ల అని వ్రాయువారు ఇద్దరును ఉన్నారు గదా. దొరలు మూడవ విధముగా వ్రాసినారు. ఇది మన మనిషి కాగితమేనా, ఎవరిదైనా ఇంట్లోనికి వచ్చినదా అని అనుమానము కలిగినది.

అప్పుడు మేము వెళ్లినది గుడి రిజిస్టరు దగ్గరకు. బాప్తిస్మపు రిజిస్టరులో 1924లో ఒక మగబిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తండ్రి చేయు పని, ఊరు, బాప్తిస్మము ఇచ్చిన గురువు సంతకము వరుసగా ఉన్నవి. ఆ బిడ్డ పేరే కాగితములోని పేరు! ఊరిలో పిలిచినది ముద్దుపేరు. గుడిలో పెట్టినది బాప్తిస్మపు పేరు. బడిలోను, పటాలములోను గుడిపేరే నడిచినది. ఆ పేరుతో ఆయనను పిలిచినవారు మా ఇంట్లో ఒక్కరూ లేరు.

తరువాత వివాహపు రిజిస్టరు చూసినాము. 1944లో పెండ్లి జరిగినది. వరుని వృత్తి అన్నచోట మూడు ఇంగ్లీషు అక్షరములు, ఆర్.ఐ.ఎన్. అని ఉన్నవి. రాయల్ ఇండియన్ నేవీ అని దాని అర్థము. క్రింద జేజి వేలిముద్ర. దాని పక్కన జేజినాయన ఇంగ్లీషు సంతకము. ఆ సంతకమును, కాగితము అడుగున ఉన్న సంతకమును పక్కపక్కన పెట్టి చూసినాము. రెండింటిలోను చివరి అక్షరము తోక ఒకే విధముగా క్రిందికి వంగి ఉన్నది. ఇక మాకు అనుమానము లేదు. మా చిన్నాయన ఆ వేలిముద్ర మీద చేయి ఉంచి చాలసేపు ఊరకనే ఉండినాడు.

ఇక కాగితమును చదివించవలెను. అందులో సగము పొడి అక్షరములే. నౌకాదళములో చేసి విశ్రాంతి తీసుకొన్న ఒక పెద్దమనిషి మన పక్క సంఘములో ఉన్నారు. ఆయన కండ్లద్దములు పెట్టుకొని, ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి మాకు చదివి చెప్పినారు. ఆ మధ్యాహ్నము మా ఇంటి మూడు మాటలును పరీక్షకు నిలిచినవి.

మొదటి మాట కోస్టుగార్డు. మన దేశములో కోస్టుగార్డు అను దళము 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికముగా మొదలైనది. 1978 ఆగస్టులో పార్లమెంటు చట్టముతో స్థిరపడినది. నౌకాదళము ఇచ్చిన కొద్ది ఓడలతోనే అది పని ఆరంభించినది. జేజినాయన అంతకు ముందే, 1971లోనే చనిపోయినాడు. కావున ఆయన కోస్టుగార్డు మనిషి కానేరడు. ఆయన చేరినది రాయల్ ఇండియన్ నేవీలో, ఇంజను గదిలో పనిచేయు స్టోకరుగా. అయితే ఇంటివారు చెప్పినది పూర్తిగా అబద్ధము కూడ కాదు. విశాఖపట్నములో యుద్ధము మొదలైన 1939లోనే సర్కార్స్ అను పేరుతో నౌకాదళ స్థావరము ఏర్పడినది. కాగితములో ఆ పేరు ఉన్నది. ఒడ్డు వెంబడి కాపు తిరుగుట, శత్రువులు పరచిన మందుపాతరలు తీసివేయుట, సరకు ఓడలకు తోడు పోవుట ఆ దినములలో నౌకాదళము పనులే. “తీరము కాచినాడు” అని జేజి చెప్పిన మాటకు తరువాత వచ్చిన దళము పేరు అతికినది. అంతే జరిగినది.

ఆ యుద్ధము మొదలైనప్పుడు మన నౌకాదళము చాల చిన్నది. యుద్ధనౌకలు ఎనిమిది, నావికులు రెండువేలకు లోపు. యుద్ధము ముగియునాటికి మనుష్యులు పదిరెట్లకు పైగా పెరిగినారు. అంతకు ముందు ఎక్కువగా కొంకణ తీరమునుండి, పంజాబునుండి తీసుకొనేవారు. మనుష్యులు చాలక దక్షిణ దేశపు జిల్లాలలోను చేర్చుకొన్నారు. కొంచెము ఇంగ్లీషు చదువు ఉన్న పిల్లలకు అది ఒక దారి అయినది. మిషను బడి మెట్లు ఎక్కిన పేద పిల్లలకు ఆ చదువు ఓడ మెట్లు కూడ ఎక్కించినది. వానలు లేని ఏండ్లలో నెలజీతము అన్నమాట ఎంత గొప్పదో ఇక్కడ కూర్చున్న పెద్దలకు మేము చెప్పనవసరము లేదు.

రెండవ మాట బాంబులు. విశాఖపట్నము మీద, కాకినాడ మీద జపాను విమానములు బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6న. జేజినాయన నౌకాదళములో చేరినది, కాగితము ప్రకారము, అదే సంవత్సరము ఆగస్టులో. ఆ దినమున ఆయన కోయిలకుంట్లలోనే ఉన్నాడు. కొత్తగా పోయిన పిల్లవానికి అక్కడివారు ఆ కథ చెప్పి ఉందురు. ఆయన ఇంటికి వచ్చి చెప్పి ఉండును. చెప్పగా చెప్పగా విన్నవాడు చూచినవాడు అయినాడు. ఈ మాట పోగొట్టుకొన్నందుకు మాకు కొంచెము బాధ కలిగినది. మా మేనత్త అయితే, “ఆ తేదీ నీవెందుకు చూచినావురా?” అని కోపపడినది.

అయితే ఒకటి పోగా ఒకటి దొరికినది. ఆ రాగిరంగు నక్షత్రము బర్మా స్టారు. ముదురు నీలము రిబ్బను, నడుమ ఎర్రచార, దాని ఇరుప్రక్కల నారింజరంగు చారలు. బర్మా యుద్ధములోను, బంగాళాఖాతములోను నిర్ణయించిన కాలము పనిచేసినవారికి ఇచ్చినారు. 1945 ఆరంభములో అరకాను తీరమందు, అక్యాబు, రామ్రీ దిక్కున జరిగిన పోరాటములో మన నౌకాదళపు ఓడలు పాల్గొన్నవి. జేజినాయన ఏ దినమున ఏ రేవులో ఉన్నాడో కాగితములో లేదు. కావున మేమును చెప్పము. కాని ఆయన ఒడ్డుమీద కూర్చున్నవాడు కాడని ఆ నక్షత్రము సాక్ష్యము ఇచ్చుచున్నది.

మచ్చ సంగతి కూడ ఇక్కడనే తేలినది. కాగితములో చేరునాటి ఎత్తు, ఛాతి కొలత, దేహము మీద గుర్తులు వ్రాసినారు. మెడ మీద ఒక పుట్టుమచ్చ మాత్రమే వ్రాసినారు. చేతిమీద కాలిన మచ్చ లేదు. అనగా అది చేరిన తరువాత వచ్చినది. స్టోకరు పని ఆవిరి, నిప్పు, వేడి గొట్టముల నడుమ పని. అంతకు మించి ఊహించుట మాకు ఇష్టము లేదు.

మూడవ మాటకు వచ్చినప్పుడు మా అందరికి గుండె దడదడలాడినది. ఆ పెద్దమనిషి చివరి గడుల మీద వేలు పెట్టి, “ఇదిగో, 1946 ఆగస్టులో డిశ్చార్జి. కారణము రిలీజ్. నడవడి వి.జి.” అన్నారు. వి.జి. అంటే ఎవరో అధికారి పేరు పొడి అక్షరములు కాబోలునని మేము అనుకొన్నాము. ఆయన నవ్వి, “వెరీ గుడ్ అయ్యా. చాల మంచి నడవడి. యుద్ధము అయిపోయినది. అవసరము తీరినది. వేలమందిని ఇండ్లకు పంపినారు. ఆ వేలమందిలో మీ తాత ఒకరు. డిశ్చార్జి అంటే డిస్మిస్ కాదు” అన్నారు.

డిశ్చార్జి అంటే డిస్మిస్ కాదు. సహోదరులారా, ఈ ఒక్క మాట తెలియక మా ఇల్లు అరువది ఏండ్లకు పైగా తల వంచుకొన్నది. 1946లో ఆయన తిరిగి వచ్చినప్పుడు ఇంగ్లీషు అంతంత మాత్రము వచ్చిన ఎవరో ఆ కాగితము చూచి, “పనిలోనుండి తీసేసినారు” అని చదివి ఉందురు. ఆ సంవత్సరము కూడ అటువంటిదే. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ స్థావరములో నావికులు సమ్మె చేసినారు. చెడిపోయిన తిండి, అవమానపు మాటలు, తెల్లవారికి ఒక విధము మనవారికి ఒక విధము అను తేడా వారిని కదిలించినవి. కొద్ది దినములలో 78 ఓడలకు, 20 స్థావరములకు, ఇంచుమించు 20,000 మంది నావికులకు అది వ్యాపించినది. కరాచీలో తుపాకులు పేలినవి. బొంబాయి వీధులలో రెండువందలమందికి పైగా ప్రజలు చనిపోయినారు. విశాఖపట్నములోని సర్కార్స్ స్థావరమునకు కూడ ఆ సెగ తగిలినది. సర్దార్ పటేలు మొదలగు నాయకుల సలహా మీద ఫిబ్రవరి 23న నావికులు లొంగిపోయినారు. తరువాత 476 మందిని పనిలోనుండి తీసివేసినారు. ఆ వార్తలు మన వైపు కూడ వచ్చియుండును. అదే ఏడు ఒక నావికుడు కాగితముతో ఇల్లు చేరితే, ఊరు రెంటిని కలిపి ఒక కథ అల్లుట వింత కాదు.

ఇక్కడ మాకు ఒక శోధన ఎదురైనది. ఆ నావికుల పోరాటము తరువాత స్వాతంత్ర్య సమరములో భాగముగా గుర్తింపు పొందినది. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకములో దానికి చోటు ఉన్నది. మాలో ఒకరు, “ఊరు ఎట్లాగును తీసేసినారనే అనుకొన్నది. సమ్మెలో తీసేసినారని వ్రాయిద్దాము. సిగ్గు పోయి గౌరవము వచ్చును. గుడి గోడమీద రాయి కూడ వేయించవచ్చును” అన్నారు. రెండు రాత్రులు ఈ మాట మీద మా ఇంట్లో వాదము జరిగినది. సర్కార్స్‌లో ఉన్నవాడు గదా, సమ్మెను చూడకుండ ఉండునా? చూచియే ఉండును. చేతులు కలిపినాడా, దూరముగా నిలిచినాడా? కాగితము చెప్పుటలేదు. ఆయన చెప్పలేదు. అబద్ధపు నింద మోసిన మనిషికి అబద్ధపు కిరీటము పెట్టుట న్యాయము కాదని చివరకు అందరము ఒప్పుకొన్నాము. సమ్మె చేసి పని పోగొట్టుకొన్న ఆ 476 మంది గౌరవము వారిది. వారు తిండికొరకు మాత్రమే కాదు, మనుష్యుల మర్యాద కొరకు నిలిచినారు. మా జేజినాయన నిజముగా వారిలో ఒకడై ఉన్నను మాకు సిగ్గు లేకపోవును. కాని వారి కష్టమును మేము అరువు తెచ్చుకొనకూడదు.

కాగితము ఒక్కటే సత్యము, నోటిమాట అంతా అబద్ధమని మేము చెప్పుటలేదు. మన కోయిలకుంట్లవారు అట్లు ఎన్నటికీ చెప్పలేరు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మన ఖజానా మీద పడినాడు. 1847 ఫిబ్రవరి 22న కంపెనీవారు ఆయనను ఇక్కడనే ఉరితీసినారు. కంపెనీ కాగితములలో ఆయన నేరస్థుడు. పాడుకొన్న ప్రజల నోట ఆయన వీరుడు. అక్కడ నోటిమాటే నిలిచినది. మా ఇంటి విషయములో నోటిమాట తప్పి, కాగితము నిలిచినది. కావున ఒకదానితో ఒకటి సరిచూచుకొనవలెను. కాగితములో కూడ తప్పులు ఉన్నవి. జేజినాయన వయస్సు అందులో రెండేండ్లు ఎక్కువ పడినది. గుడి రిజిస్టరు లేకపోతే ఆ తప్పు మాకు తెలిసెడిది కాదు.

ఇక దుఃఖపు సంగతి. యుద్ధకాలపు కొద్ది ఏండ్ల సేవకు పింఛను లేదు. అయితే రెండవ ప్రపంచ యుద్ధములో పనిచేసి పింఛను లేని సైనికులకు, వారి వితంతువులకు ప్రతినెల కొంత సహాయము సైనిక సంక్షేమ శాఖ ద్వారా ఇచ్చు ఏర్పాటు మన రాష్ట్రములో ఉన్నది. జేజికి ఒకరిద్దరు ఆ మాట చెప్పినారట. “కాగితము బయటపెడితే తీసేసిన సంగతి బయటపడును. వద్దు” అని ఆమె పెట్టెకు తాళము వేసుకొన్నది. మేమును అడుగలేదు. చివరి ఏండ్లలో ఆమె మందులకు కూడ వెనుకాడినది. ఆ పెట్టెలోనే, ఆమె చీర క్రిందనే, ‘చాల మంచి నడవడి’ అని వ్రాసిన కాగితము ఉన్నది! భర్త గౌరవము కాపాడుచున్నానని తలచి, ఆ గౌరవమునకు సాక్ష్యమైన కాగితమునే ఆమె దాచినది. ఈ తప్పు ఊరిమీద వేయుట సులభము. కాని చదువుకొన్న మనుమలము ఇంట్లో ఉండియు ఆ నాలుగు మడతలు విప్పలేదు. ఆ తప్పు మాది.

అందువలన మీకు మా మనవి. మీ ఇండ్లలోను ఇటువంటి పెట్టెలు ఉన్నవి. సైన్యములోను, పయనీరు పటాలములలోను, ఓడలమీదను పనిచేసిన పెద్దలు మన సంఘములలో చాలమంది ఇండ్లలో ఉన్నారు. మొదట ఇంట్లో బ్రతికియున్న పెద్దలను అడిగి, వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసుకొనండి. పిదప గుడి రిజిస్టర్లు చూడండి. మనిషికి ఊరిపేరు, గుడిపేరు రెండు ఉండునని మరువవద్దు. మీ రిజిస్టరును చెదలు తిన్నను నిరాశ పడవద్దు. క్రైస్తవ వివాహముల లెక్కల ప్రతులు పైకి పంపవలెనని 1872 నాటి చట్టములోనే ఉన్నది. పాత సంగతులు వెదకునప్పుడు, 1858కి ముందు మన తాలూకా కడప జిల్లాలో ఉండినదని, తరువాత కర్నూలు జిల్లాలో కలిసినదని, 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లాలో ఉన్నదని గుర్తుంచుకొనండి. లేనిచో తప్పు జిల్లా కట్టలు వెదకి అలసిపోదురు.

సైనికుని కాగితములో అన్నిటికంటె విలువైనది సర్వీసు నెంబరు. అది దొరికితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో అడుగవచ్చును. నావికుల సేవా వివరములు చూచు కార్యాలయము, బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ముంబయిలో ఉన్నది. సముద్రముమీద చనిపోయి సమాధి లేనివారి పేర్లు కూడ పోలేదు. రెండవ యుద్ధములో ఆ విధముగా పోయిన మన నౌకాదళపు నావికులు 400 మందికి పైగా, సరకు ఓడల నావికులు ఇంచుమించు 6,000 మంది. వారి పేర్ల గ్రంథము ముంబయిలోను, చిట్టగాంగులోను ఉంచినారు. మీ ఇంటినుండి పోయి తిరిగిరాని మనిషి ఉంటే, ఆ పేరు అక్కడ ఉండవచ్చును.

పోయిన సంవత్సరము మేము పదిమందిమి విశాఖపట్నము పోయినాము. మా మేనత్తకు ఎనుబది దాటినవి. ఆమె సముద్రము చూచుట అదే మొదటిసారి. నీళ్లలో పాదములు పెట్టి, “ఇంత నీటి మీద మా నాయన ఎట్లా తిరిగినాడో” అన్నది. దూరాన ఒక తెల్లని కోస్టుగార్డు ఓడ పోవుచుండినది. మా అన్న మనుమడు దానిని వేలుపెట్టి చూపినాడు. వాని దరఖాస్తు ఇంకను తేలలేదు. చేరినను, చేరకపోయినను, తన ముత్తాత ఏమి చేసినాడో ఏ సంవత్సరములో చేసినాడో ఇప్పుడు వానికి తెలియును.

జేజినాయన సమాధిమీద కొత్త రాయి వేయించినాము. అందులో బాప్తిస్మపు పేరు, ఊరివారు పిలిచిన పేరు రెండును చెక్కించినాము. క్రింద, “నావికుడు, 1942–1946. నడవడి చాల మంచిది” అని మాత్రమే వ్రాయించినాము. పక్కన జేజి పేరు ఉన్నది. కాగితములో ఉన్నదానికంటె ఒక్క మాట ఎక్కువ వ్రాయలేదు, ఒక్క మాట తక్కువ వ్రాయలేదు.